పొద్దున్నే కారు పలకకపోతే

చలికాలం వచ్చిందంటే మా ఆఫీసు హాజరు పుస్తకంలో "ఎందుకు రాలేదు" అనే గడిలో నేను ఎక్కువసార్లు రాసే మాట ఒకటే: కారు స్టార్ట్ కాలేదు. కారు ఒకటే గానీ అందులో వచ్చేది అయిదుగురు. ఒక బ్యాటరీ దిగిపోతే అయిదుగురి కూలి పోయినట్టే. జూన్ నుంచి ఆగస్టు దాకా టె పుకె చుట్టుపక్కల కివి తోటల్లో కొమ్మలు కత్తిరించే పని ఉంటుంది. తోట గేటు దాకా బస్సులు రావు. అందుకే క్యాంపుల్లో మనవాళ్ళు తలా కొంత వేసుకుని పాత కారు కొంటారు.

అది చాలావరకు జపాన్‌లో వాడేసిన కారే. ఒకప్పుడు న్యూజిలాండ్‌లోనే కార్లు బిగించేవారు. 1998లో దిగుమతి సుంకం ఎత్తేశాక థేమ్స్‌లో టయోటా, నెల్సన్‌లో హోండా, పోరిరువాలో మిత్సుబిషి ఆ పని ఆపేశాయి. జపాన్‌లోనూ ఇక్కడిలాగే స్టీరింగ్ కుడివైపు కాబట్టి అక్కడి పాత కార్లు తేలిగ్గా అమ్ముడుపోతాయి. రేడియో అక్కడి లెక్కన 90 దగ్గర ఆగిపోతుంది, టోల్ కార్డు పెట్టె రోజూ జపనీస్‌లో పలకరిస్తుంది. వాటితో నష్టం లేదు. తర్వాత ఎవరో తగిలించిన స్టీరియో, అలారం, రివర్స్ కెమెరా వైర్లతోనే అసలు చిక్కు.

కారు పలకకపోతే మనవాళ్ళు ముందు కొత్త బ్యాటరీ కొంటారు. రెండు వారాల్లో అదీ దిగిపోతుంది. ఆపైన డైనమో మారుస్తారు. ఆ డబ్బులో పదో వంతు కూడా పెట్టకుండా ఒక మల్టీమీటర్ వస్తుంది. క్యాంపుకి ఒకటి చాలు.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, పొద్దున సెల్ఫ్ కొట్టకముందే బ్యాటరీ చూడండి. 12.6 అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. నిండుగా ఉండి కూడా సెల్ఫ్ కొట్టగానే 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయింది. అంకె పెద్దగా తగ్గకుండా టక్ మని ఒక్క చప్పుడే వస్తే సెల్ఫ్ మోటారునో, దానికి పోయే వైరునో, ఎర్త్‌నో అనుమానించాలి.

ఎర్త్ సంగతి చాలామంది పట్టించుకోరు. బ్యాటరీ మైనస్ కొమ్ముకి ఒక తీగ, ఇంజను మీద రంగు లేని ఇనుముకి ఇంకో తీగ ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ, బోల్టులు తుప్పు పట్టినట్టే. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఇది మామూలే. టెర్మినళ్ళకు తెల్లని పూత ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో రుద్దండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. జపాన్ చిన్న కార్లలో బ్యాటరీ కొమ్ములు సన్నగా ఉంటాయి, క్లాంపు వదులైతే చేత్తో కదిపినా తెలుస్తుంది.

ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా చూపాలి. కొన్ని కొత్త కార్లు తామే తగ్గించుకుంటాయి, హెడ్‌లైట్లు వేసి చూడండి. అప్పటికీ పెరగకపోతే డైనమో గానీ బెల్టు గానీ పాడైనట్టు. మన ఊళ్ళో కొందరు మెకానిక్కులు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి డైనమో చూసేవారు. ఈ కార్లలో ఆ పని చేస్తే కంప్యూటర్ కాలిపోవచ్చు.

ఇవన్నీ బాగుండి కూడా రెండ్రోజులు ఆపితే దిగిపోతోందా? అయితే ఏదో కరెంటు తాగుతోంది. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకీ మైనస్ కొమ్ముకీ మధ్య మీటరు పెట్టండి. తలుపులు మూసి, తాళం దూరంగా ఉంచి అరగంట ఆగాలి, కారు నిద్రపోయేదాకా అన్నమాట. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజ్ పోతుంది. 0.05 లోపు ఉంటే సరే. 0.5 ఉంటే రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతున్నట్టు. చిన్న కారు బ్యాటరీలో ఉండేదే 36 దాకా. అందుకే ఆదివారం కదలని కారు సోమవారం మొరాయిస్తుంది. ఇక ఒక్కో ఫ్యూజ్ పీకుతూ అంకె చూడండి. ఏది పీకితే పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. ఫ్యూజ్ పెట్టె లోపల ఉంటే, తలుపు తెరిచి దాని గొళ్ళేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి ఉంచితే కారు మళ్ళీ మేలుకోదు. డిక్కీ బల్బు ఆరకపోవడం, స్టీరియో వైరు తప్పుగా కలపడం ఎక్కువగా దొరికే కారణాలు.

ఫ్యూజ్ పోయిన చోట అదే నంబరుది వెయ్యాలి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. వైరు ముక్క చుడితే నిప్పు అంటుకునేది కారుకే.

ఆక్వా, ప్రియస్ కొన్నవాళ్ళు నారింజ రంగు కేబుళ్ళ జోలికి పోకండి. ఆక్వా పెద్ద బ్యాటరీ 144 వోల్టులది, పాత ప్రియస్‌ది 200 పైనే. ప్రాణం పోతుంది. వెనక ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ వరకే మన పని.

చూసిన అంకెలు తేదీ వేసి రాసిపెట్టుకోండి. కారు డీలరు దగ్గర కొన్నదైతే ఆ కాగితం అక్కరకొస్తుంది. 1993 వినియోగదారుల హామీ చట్టం ప్రకారం, సొంత వాడకానికి అమ్మిన కారు ధరకీ వయసుకీ తగినట్టు పనిచెయ్యాలి. ఉన్నది ఉన్నట్టు అమ్మానని డీలరు తప్పించుకోలేడు. వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్ ఉందిగా అన్నా అది జవాబు కాదు, ఆ తనిఖీలో బ్యాటరీ బలం చూడరు. ముందు బాగుచేసే అవకాశం డీలరుకే ఇవ్వాలి. చెయ్యకపోతే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్ లక్ష డాలర్ల దాకా తగువులు వింటుంది. ఇంటి దగ్గర ఎవరో సొంత కారు అమ్మితే ఈ చట్టం వర్తించదు. కాబట్టి డబ్బు ఇవ్వకముందే అమ్మేవాడి పేరు మోటార్ వాహన వ్యాపారుల రిజిస్టరులో ఉందేమో ఫోన్లో వెతకండి, దానికి రుసుము లేదు.