‘ఎల్’తో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు – కౌలు పత్రములో వాటి అర్థములు

మన పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనను, దాదాపు చుట్టును ఆంధ్ర సరిహద్దే. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. బ్యాంకు కాగితములందు, ఒప్పందములందు తరచుగా ఇంగ్లీషు.

తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో సౌర విద్యుత్ పార్కు వెలసినది. 2018 మార్చిలో మొదటి దశ ఆరంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్లకు చేరినది. రైతులు ఇందుకు భూమిని అమ్మలేదు. 28 ఏండ్ల కౌలుకు ఇచ్చిరి. ఎకరమునకు ఏటా రూ. 21,000, రెండేండ్లకొకసారి 5 శాతము పెంపు అని నిర్ణయమైనది. తండ్రి చేసిన ఇట్టి సంతకము బిడ్డల కాలమునకు కూడ నిలుచును. కనుక ఒకే అక్షరముతో మొదలై, చూపునకు ఒకే తీరుగా నుండు ఈ మాటలను ఇంటిల్లిపాది తెలిసికొనుట మేలు.

లీజ్: కౌలు, గుత్త. కన్నడములో గుత్తిగె. ‘విడుచు’ అను అర్థము గల పాత ఫ్రెంచి మాట దీనికి మూలము. విడుచునది అనుభవమునే గాని యాజమాన్యమును గాదు.

లెస్సర్: కౌలుకు ఇచ్చువాడు, అనగా భూమి గల రైతు. ‘తక్కువ’ అను అర్థమిచ్చు ‘లెస్’తో దీనికి సంబంధము లేదు.

లెస్సీ: కౌలుకు పుచ్చుకొనువాడు.

ఈ రెంటికి మొదటి నాలుగక్షరములు ఒకటే; భేదమంతయు చివరనే. ‘ఓ, ఆర్’ వచ్చిన ఇచ్చువాడు. రెండు ‘ఇ’లు వచ్చిన పొందువాడు. తాకట్టు పత్రములోను ఇదే సూత్రము: తాకట్టు పెట్టిన రైతు మార్ట్‌గేజర్, పొందిన బ్యాంకు మార్ట్‌గేజీ.

లెవీ: పన్ను లేక రుసుము విధించుట. పూర్వము మిల్లుల నుండి ప్రభుత్వము సేకరించిన లెవీ బియ్యము పెద్దలకు జ్ఞాపకముండును.

లీన్: బాకీ తీరువరకు సొత్తును పట్టి ఉంచుకొను హక్కు. బ్యాంకు ఖాతాలోని సొమ్ముపై ‘లీన్’ అని గుర్తించిన యెడల, ఆ మేరకు సొమ్ము తీయుటకు వీలుండదు.

లయబుల్: బాధ్యుడు. నష్టమునకు, పన్నునకు ఎవరు ‘లయబుల్’ అని వ్రాసియున్నదో వారే చెల్లింపవలెను. ఈ మాటకు, ‘లీన్’కు మూలార్థము ‘కట్టు’ అనియే. లీజ్ విడుచును, ఇవి కట్టివేయును.

సంతకమునకు ముందు చూడవలసినవి: మీ పేరు లెస్సర్ అను చోటనే ఉన్నదా? గడువెంత, పెంపెంత? పన్ను ఎవరిది? పహణి 11వ గడిలో పాత ఋణమేమైన మిగిలినదా? వ్యవసాయేతర అవసరమునకు ఏడాదికి మించిన కౌలును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము రిజిస్టరు చేయింపవలెను. చదువుకొను పిల్లలచేత ప్రతి పుటను చదివించి, అర్థము కాని మాట క్రింద గీత గీయించి, తెలిసిన వకీలును అడిగిన పిమ్మటనే కలము పట్టుడు.