డిస్కు రాస్తుంటే మధ్యలో ఆగిపోతోందా?

కారణాలు చాలావరకు ఇంట్లోనే వుంటాయి

గార్లదిన్నె: మన పల్లెల్లో 2000 తరువాత పెళ్ళయిన ఇళ్ళలో బీరువా తెరిస్తే పెళ్ళి ఆల్బమ్ పక్కన ఒక సీడీయో డీవీడీయో కనిపిస్తుంది. అందులో అవ్వాతాతలు ఇంకా నడుస్తూ, మాట్లాడుతూ వుంటారు. వారిలో కొందరు ఇప్పుడు లేరు. వారి గొంతు మిగిలింది ఆ డిస్కులోనే.

దానికి మరో కాపీ తీద్దామని కంప్యూటరు ముందు కూర్చుంటే, సగం రాసిన తరువాత పని ఆగిపోతుంది. రెండు మూడు ఖాళీ డిస్కులు వృథా అయ్యేసరికి విసుగుపుట్టి వదిలేస్తారు. ఇంత విసుగు అక్కరలేదు. ఒక వరుసలో చూసుకుంటే చాలా చిక్కులు ఇంట్లోనే తీరతాయి.

తొట్టి ఎండితే పని చెడుతుంది

సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు. దానిపై లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒకటే సన్నని గాడి వుంటుంది. దాన్ని విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. ఖాళీ డిస్కులో రంగుపూత వుంటుంది. రైటరులోని లేజరు కాంతి ఆ గాడి వెంట పూతను చుక్కలు చుక్కలుగా మాడుస్తూ పోతుంది. సీడీ ‘బర్న్’ చేయడం అనే మాట అందుకే వచ్చింది. ‘ఆర్‌డబ్ల్యూ’ అని రాసివున్న డిస్కులు తప్ప, ఒకసారి మాడిన చోట మళ్ళీ రాయడానికి వీలులేదు.

బోరు నీళ్ళు ఆగి ఆగి వస్తున్నప్పుడు రైతు నేరుగా చేనికి పారించడు. ముందు తొట్టి నింపుకుని, తరువాత వదులుతాడు. రైటరులోనూ అటువంటి తొట్టి వుంది. దాన్ని ‘బఫర్’ అంటారు. కంప్యూటరు పంపే సమాచారం ముందు అందులో చేరి, అక్కడి నుంచి డిస్కుకు పోతుంది. తొట్టి ఎండితే పాత రైటర్లలో డిస్కు అక్కడికక్కడే పాడైపోయేది. 2000 ప్రాంతం నుంచి వచ్చిన రైటర్లు మాత్రం ఆగి, తొట్టి నిండాక ఆగిన చోటి నుంచే రాస్తాయి. అయినా సమాచారం ఒకే ధారగా రావడమే మేలు. కావున రాసేటప్పుడు మిగతా ప్రోగ్రాములన్నీ మూసివేయాలి. పెన్‌డ్రైవు నుంచి, పాత డిస్కు నుంచి నేరుగా రాయకూడదు. ముందు ఫైళ్ళను కంప్యూటరులోకి దించుకుని, తరువాత రాయాలి.

కరెంటు, దుమ్ము

రాస్తుండగా కరెంటు పోతే ఆ డిస్కు మీద ఆశ వదులుకోవాలి. వోల్టేజి తగ్గి బల్బు మసకగా వెలిగే వేళలో ఈ పని పెట్టుకోకూడదు. యూపీఎస్ వుంటే మంచిది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా వుంచుకోవాలి. బయట తగిలించే యూఎస్‌బీ రైటరుకు ఒక్కోసారి చాలినంత కరెంటు అందదు. అప్పుడు డిస్కు తిరిగినట్టే తిరిగి ఆగుతుంది. దాన్ని నేరుగా కంప్యూటరుకే తగిలించాలి. వైరుకు రెండు కొనలుంటే రెండూ పెట్టాలి.

ఇక దుమ్ము. రహదారి పక్క ఇళ్ళలోనూ, వేరుశనగ నూర్పిళ్ళ కాలంలో అన్ని ఇళ్ళలోనూ దుమ్ము తప్పదు. రైటరు కంటిపై అది పేరుకుంటే రాత తప్పుతుంది. గాలి బుడ్డితో మెల్లగా ఊదాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. డిస్కును మెత్తని బట్టతో నడిమి నుంచి అంచుకు తుడవాలి గాని, గుండ్రంగా తుడవకూడదు.

డిస్కు కొలత, రకం

సీడీలో 700 మెగాబైట్లు పడతాయి. డీవీడీ మీద 4.7 గిగాబైట్లు అని వుంటుంది గాని, కంప్యూటరు లెక్కలో అది సుమారు 4.37 మాత్రమే. అందువల్ల 4.6 అని చూపే ఫైళ్ళు అందులో పట్టవు. సీడీ రైటరు డీవీడీని రాయలేదు. డీవీడీలో ‘మైనస్ ఆర్’, ‘ప్లస్ ఆర్’ అని రెండు రకాలున్నాయి. పాత యంత్రాలు కొన్ని ఒక రకాన్నే ఒప్పుకుంటాయి. ఒక రకం పనిచేయకపోతే రెండోది పెట్టి చూడాలి.

వేగం మరో సంగతి. డిస్కుపై 52 అని వున్నంత మాత్రాన 52లో రాయనక్కరలేదు. సీడీకి 16 లేక 24, డీవీడీకి 4 లేక 8 పెట్టుకుంటే తప్పులు తగ్గుతాయి.

మన ఇంట్లో ఆడుతుంది, మామ ఇంట్లో ఆడదు

రాసిన కంప్యూటరులో చక్కగా ఆడే డిస్కు చుట్టాల ఇంటి ప్లేయరులో ఆడకపోతే రెండు కారణాలు చూడాలి. ఒకటి, రాత ముగిశాక డిస్కును మూసివేయకపోవడం. దీన్ని ‘ఫైనలైజ్’ అంటారు. మూయని డిస్కును చాలా ప్లేయర్లు గుర్తించవు. రెండోది, సెల్‌ఫోను వీడియోను వున్నది వున్నట్టుగా ఎక్కించడం. పాత ప్లేయరుకు అది అర్థం కాదు. ‘డీవీడీ వీడియో’ పద్ధతిలోకి మార్చి రాయాలి. పాటలైనా అంతే. ఎంపీ3 తెలియని పాత ప్లేయరుకు ‘ఆడియో సీడీ’గా రాయాలి.

రాసే ప్రోగ్రాములో ‘వెరిఫై’ అనేది వుంటే తప్పక పెట్టుకోవాలి. అది రాసినదాన్ని మళ్ళీ చదివి సరిచూస్తుంది. ఆ తరువాత వేరే యంత్రంలో ఆడించి చూడాలి. రాయడం సగం పని, చదివి చూడడం మిగతా సగం.

ముందు పాత డిస్కును కాపాడండి

సీడీలో రాత వుండేది పేరు రాసే పైవైపు పూత కిందనే. అక్కడ గీత పడితే తిరిగి రాదు. బాల్‌పెన్నుతో రాయకూడదు, కాగితం అంటించకూడదు. మెత్తని మార్కరు వాడాలి. మన ఎండలకు ప్లాస్టిక్ కవరు డిస్కుకు అంటుకుంటుంది. రంగుపూత కూడా ఎండకు చెడుతుంది. చల్లని చోట, పెట్టెలో నిలబెట్టి వుంచాలి.

పెళ్ళి వీసీడీ అయితే కంప్యూటరులో తెరిచి ‘ఎంపెగ్ ఏవీ’ అనే ఫోల్డరు చూడాలి. అందులోని ‘డాట్’ ఫైలే మీ పెళ్ళి. దాన్ని కంప్యూటరులోకి దించి, పెన్‌డ్రైవులో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి దాచుకోవాలి. ఒక యంత్రం చదవలేకపోతే డిస్కు పోయిందనుకోవద్దు. మరో యంత్రంలో పెట్టి చూడాలి. ఒకచోట మొరాయించిన డిస్కు మరోచోట ఆడవచ్చు.

ఈ పనికి గడువు దగ్గరపడుతోంది. నోయిడాలో ఫ్యాక్టరీలు పెట్టి ప్రపంచానికి ఖాళీ డిస్కులు పంపిన మోసర్ బేర్ కంపెనీ ఆస్తులు అమ్మివేయాలని 2018లో ఆదేశం వచ్చింది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది. కొత్త ల్యాప్‌టాపులు చాలావాటిలో డిస్కు పెట్టే చోటే లేదు. డిస్కు బాగున్నా, రేపు చదివే యంత్రం దొరకకపోవచ్చు.

కావున ఈ వారంలోనే బీరువా తీసి ఆ డిస్కు ఆడుతుందో లేదో చూడడం మంచిది. ఆడితే అదే రోజు కాపీ తీయాలి. పంట పోతే వచ్చే ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. అవ్వ గొంతును మళ్ళీ రికార్డు చేసుకోలేము.