యాత్రలో విరామదినము

కాలినడకను దూరయాత్ర సాగించువారు కొన్ని దినముల కొకమారు విరామము తీసికొందురు. ఆ దినమున చాప పరచుకొని సంధ్యవరకు పడుకొనుటయే విశ్రాంతియని పలువురి తలంపు. అట్లు గడపినవారికి మరునాడు లేవబోవుసరికి కాళ్ళు కొయ్యబారి యుండును. యాత్రయే మానవలెనా యను సందేహము కలుగును. అలసిన దేహమునకు విశ్రాంతి అవసరమే. అయితే విశ్రాంతి వేరు, కదలకుండుట వేరు.

ఈ భేదమును మన పూర్వు లెరుగుదురు. తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుమార్గము సుమారు 34 కిలోమీటర్లు. ఆ దారిలోనే భట్టిప్రోలు గలదు. 1892లో అలెగ్జాండర్ రీ అచటి బౌద్ధస్తూపమును త్రవ్వించి, శాసనములు గల ధాతుకరండములను వెలికి తీసెను. బౌద్ధభిక్షువులు సంచారులు, వర్షాకాలమున మూడు నెలలు మాత్రము ఒకచోట నిలుతురు. ‘చంక్రమణము’, అనగా ఒక చిన్న బాటపై మెల్లగా ఇటు నటు నడచుట, వారి అభ్యాసములలో నొకటి. పాళీభాషలోని అంగుత్తర నికాయము దీనికి ఐదు ఫలములు చెప్పుచున్నది: దూరప్రయాణమునకు ఓర్పు, సాధనకు ఓర్పు, ఆరోగ్యము, తిన్నది జీర్ణమగుట, నిలుకడగల ఏకాగ్రత. వీనిలో మొదటిదే బాటసారికి ముఖ్యము.

నేటి శరీరశాస్త్రము దీనికి కారణము చూపుచున్నది. పాదములలోని రక్తము గుండెకు ఎగువకు పోవలెను. నడచునపుడు పిక్కల కండరములు సిరలను పిండి ఆ రక్తమును పైకి పంపును. సిరలలోని కవాటములు దానిని తిరిగి జారనీయవు. గంటల తరబడి కాళ్ళు వ్రేలాడదీసి కూర్చున్నచో పాదములు వాచుట ఇందువలననే. ఇక మరునాటి నొప్పికి లాక్టిక్ ఆమ్లము కారణమను మాట సరికాదు. అది శ్రమ ముగిసిన గంట రెండు గంటలలోనే తగ్గిపోవును. అలవాటులేని శ్రమచే కండరపు పోగులలో కలిగిన సూక్ష్మమైన దెబ్బలే ఆ నొప్పికి మూలము. అది ఒకటి మొదలు మూడు దినములలో మిక్కుటమగును. తేలిక నడకతో బిగువు సడలి, నొప్పి కొంతసేపు ఉపశమించును. దెబ్బను మాన్పునవి మాత్రము నిద్ర, ఆహారము, కాలము.

తెనాలి నుండి రెండు దినములు నడచి రేపల్లె చేరి, ఒక దినము ఆగి, చెరుకుపల్లి, కర్లపాలెముల మీదుగా బాపట్లకు పోవు యాత్రను తలంచుకొనుడు. దారిలో కొండలు లేవు. అయితే చదునైన తారురోడ్డుపై దినమంతయు ఒకే తీరు అడుగు పడుటచే మడమలకును అరికాళ్ళకును బడలిక హెచ్చును. కావున రేపల్లెలో ఉదయము చల్లని వేళ ఇరువది నిమిషములు మట్టిదారిని నడువుడు, మధ్యాహ్నము నిద్రింపుడు, సాయంకాలము మరల కొంచెము నడువుడు. తోడివానితో రొప్పు లేకుండ మాటలాడగలిగినంత వేగమే చాలును. మజ్జిగ, మంచినీరు తగినంత త్రాగుడు.

బాపట్లలో భావనారాయణస్వామి ఆలయమున మెల్లగా చేయు ప్రదక్షిణమే చక్కని చంక్రమణము. సూర్యలంక సముద్రతీరమునకు బండిలో పోవుట మేలు. కాలినడకను పోయివచ్చినచో అది విరామము కాజాలదు. అచట పొడి ఇసుకలో నడువవలదు. కాలు దిగబడి పిక్కలకు శ్రమ యగును. తడిసి గట్టిపడిన అంచున నడువుడు. తీరము వాలుగా నుండును గనుక, పోయినంత దూరము తిరిగివచ్చినచో రెండు కాళ్ళకును భారము సమమగును.

ఈ నియమము బొబ్బలు చిట్లినవారికిని, కీలు వాచినవారికిని వర్తింపదు. వారికి పూర్ణవిశ్రాంతియే తగును. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి పెట్టుచున్నచో సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. నడకతో సరిపోవునని యుపేక్షింపక వెంటనే వైద్యుని చూడవలెను. తక్కినవారికి గురుతు ఒక్కటే: నడక ముగిసినపుడు దేహము మొదలిడినప్పటికంటె తేలికగా నున్నచో అది విశ్రాంతి, బరువుగా నున్నచో అది మరియొక ప్రయాణదినమే.