బాలే నర్తకి – నడుము నొప్పి

బాలే నాట్యం చూసేటప్పుడు మన చూపంతా కాలి మునివేళ్ల మీదే ఉంటుంది. కాని నడుము పడే శ్రమ తక్కువేమీ కాదు. ‘ఆరబెస్క్’ భంగిమలో నర్తకి ఒంటికాలిపై నిలబడి రెండవ కాలిని వెనక్కి ఎత్తుతుంది. తుంటి కీలు వెనక్కి కొద్దిగానే కదులుతుంది గదా! మిగిలిన వంపు నడుమే ఇవ్వాలి. పాదాలు రెండూ పక్కలకు తిప్పి నిలబడటానికి తుంటి చాలకపోతే, పిల్లలు నడుమును లోపలికి వంచి సరిపెట్టుకుంటారు.

12–15 ఏళ్ల ప్రాంతంలో ఒళ్లు గబగబా పెరుగుతుంది. ఎముక ఇంకా ముదరదు. సాధన గంటలు పెరిగేదీ అప్పుడే. చాలా నొప్పులు కండరాల అలసటే, విశ్రాంతితో పోతాయి. కాని ఇనుపతీగను ఒకేచోట పదేపదే వంచినట్లు, నడుములోని 5 వెన్నుపూసల్లో చివరిదాని వెనుక భాగాన సన్నని బీట పడవచ్చు. ఇదే ‘స్పాండిలోలైసిస్’. రెండు పక్కలా బీట పడితే పూస ముందుకు జారనూవచ్చు.

వెనక్కి వంగితే నొప్పి ఎక్కువైనా, 2, 3 వారాలకూ తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనబడని బీట ఎం.ఆర్.ఐ.లో తెలియవచ్చు. తొందరగా గుర్తిస్తే కొన్ని నెలల విశ్రాంతి, పొట్ట, నడుము కండరాల వ్యాయామంతో చాలామంది మళ్లీ నాట్యానికి వస్తారు. సన్నబడాలని తిండి మానేసి, నెలసరి తప్పేదాకా తెచ్చుకుంటే ఎముక మరీ బలహీనమవుతుంది.

వేషం చేజారుతుందన్న భయంతో పిల్లలు నొప్పిని దాచుకుంటారు. ‘ఓర్చుకో’ అనేముందు గురువులు, తల్లిదండ్రులు ‘ఎప్పట్నుంచి?’ అని ఒక్కమాట అడగడం మంచిది.