"ఆ సినిమా బండి ఇదే" అంటే నమ్మాలా? పాత ట్రయంఫ్ చెప్పే నంబర్ల కథ

ఇవాళ ఒక సీన్‌తో మొదలుపెడదాం. 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్' సినిమా. రెండో ప్రపంచ యుద్ధం టైమ్. జర్మన్ల ఖైదు నుంచి తప్పించుకున్న స్టీవ్ మెక్వీన్ బైక్ మీద వచ్చి ముళ్ల కంచె దూకేస్తాడు. ఆ క్లిప్ మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు.

ఆ సీన్‌లో రెండు విషయాలు మనం అనుకున్నట్టు ఉండవు. ఒకటి, ఆ జంప్ చేసింది మెక్వీన్ కాదు, ఆయన ఫ్రెండ్ బడ్ ఎకిన్స్. రెండు, అది జర్మన్ ఆర్మీ బండి కాదు. ఇంగ్లండ్‌లో తయారైన ట్రయంఫ్ టీఆర్6 ట్రోఫీకి రంగేసి జర్మన్ బండిలా చూపించారు.

ఇప్పుడు ఎవరో ఒక పాత టీఆర్6 తెచ్చి "ఆ సినిమా బండి ఇదే" అన్నారనుకోండి. ఆ ఒక్క మాటతో రేటు ఎక్కడికో వెళ్లిపోతుంది. మరి నిజమో కాదో ఎలా తేల్చాలి?

ముందు బండి సంగతి. 1948లో ఇటలీలోని సాన్ రెమోలో ఆరు రోజుల ఆఫ్‌రోడ్ పోటీ జరిగింది. అందులో ట్రయంఫ్ టీమ్ సాధించిన గెలుపు గుర్తుగా 'ట్రోఫీ' అనే పేరు పుట్టింది. మొదట 500 సీసీ టీఆర్5, తర్వాత 1956 మోడల్‌గా 650 సీసీ టీఆర్6. కాలిఫోర్నియా ఎడారి రేసుల్లో ఈ బండికి మంచి పేరొచ్చింది.

అసలు తలనొప్పి కూడా అక్కడే మొదలైంది. రేసు బండి అంటే పడుతుంది, విరుగుతుంది. లైట్లు పీకేస్తారు, సైలెన్సర్ మారుస్తారు, ఇంజిన్ పోతే ఇంకో బండిది తెచ్చి బిగిస్తారు. అరవై ఏళ్ల తర్వాత మన ముందున్నది ఒక బండా, నాలుగు బండ్ల ముక్కలా? చూసి చెప్పలేం. అందుకే నంబర్లు చూడాలి.

మొదటి మెట్టు. ఇంజిన్ నంబర్ ఎడమ పక్కన, సిలిండర్ కింద క్రాంక్‌కేస్ మీద ఉంటుంది. ఇంకో నంబర్ ఫ్రేమ్ మీద, హ్యాండిల్ దగ్గర ఎడమ పక్కన. ఫ్యాక్టరీలో రెండిటి మీదా ఒకటే నంబర్ కొట్టేవాళ్లు. రెండూ కలిస్తే అది అసలు జంట. కలవకపోతే ఏదో ఒకటి మారింది. నేను కోడింగ్ చేసేవాణ్ని కాబట్టి ఇది నాకు డేటాబేస్‌లో ప్రైమరీ కీలా అనిపిస్తుంది. కీ తేడా వస్తే మిగతా రికార్డు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

రెండో మెట్టు, తేదీ. సినిమా షూటింగ్ 1962లో జర్మనీలోని బవేరియాలో జరిగింది. ట్రయంఫ్ 650 బండ్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసింగ్‌లోకి వచ్చింది 1963 మోడల్ నుంచి. వాటి ఇంజిన్ నంబర్లలో 'డీయూ' అక్షరాలుంటాయి. అంటే డీయూ నంబరున్న బండి చూపించి "సినిమాలో దూకింది ఇదే" అంటే అక్కడే దొరికిపోతాడు. షూటింగ్ అప్పటికి అలాంటి బండి ఇంకా అమ్మకానికే రాలేదు.

మూడో మెట్టు, కాగితం. ఇంగ్లండ్‌లో మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది. కానీ ఏ నంబర్ బండి ఎప్పుడు, ఎక్కడికి పంపారో రాసిన పాత రిజిస్టర్లు మిగిలాయి. వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ వాటిని చూసి సర్టిఫికెట్ ఇస్తుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నంబర్లు కలిసినంత మాత్రాన ఆ బండి ఎవరు నడిపారో తెలియదు. దానికి పాత ఫోటోలు, రిజిస్ట్రేషన్ కాగితాలు, ఒక ఓనర్ నుంచి ఇంకో ఓనర్‌కి తెగని లింకు కావాలి. నంబర్ అబద్ధాన్ని పట్టిస్తుంది, నిజాన్ని పూర్తిగా రుజువు చెయ్యదు.

ఇదంతా ఎందుకు తవ్వానో చెప్తా. పోయినేడాది ఒక పాత యెజ్డీ చూడ్డానికి వెళ్లా. మెరిసిపోతోంది. అమ్మే ఆయన "సింగిల్ ఓనర్ తమ్ముడూ, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. టోకెన్ అడ్వాన్స్ కొట్టడానికి ఫోన్ తీశా కూడా. ఎందుకో ఒకసారి కిరసనాయిలు గుడ్డతో చాసిస్ నంబర్ దగ్గర జిడ్డు తుడిచా. ఆర్‌సీలో చివరి అంకె 3, బండి మీద 8. ఆ 8 పక్క అంకెల కంటే లోతుగా, కొంచెం వంకరగా ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చేశా. కొనుంటే ఆర్టీఓ ఆఫీసులో పేరు మారేది కాదు. దొంగ బండి అయితే స్టేషన్‌కి వెళ్లాల్సింది నేను.

మీ తాతయ్య బుల్లెట్ అయినా, ఎడారిలో దుమ్ము రేపిన ట్రయంఫ్ అయినా పద్ధతి ఒకటే. కథ వినండి, బాగుంటే ఎంజాయ్ చెయ్యండి. డబ్బులు మాత్రం నంబర్ చూశాకే తియ్యండి. ఇంట్లో పాత బండి ఉంటే ఇవాళే నంబర్లు ఆర్‌సీతో కలిపి చూసుకోండి. ఫోటో తీసి దాచుకోండి, కామెంట్లలో మాత్రం పెట్టకండి. మీ నంబర్ ఇంకో బండి మీదకెక్కితే చిక్కు మీకే. మళ్లీ కలుద్దాం, బై.