వారసులను వెదకువారికి ఈయదగు ప్రతిఫలము

పల్లె విడిచి హైదరాబాదు చేరి, దబీర్‌పురా దర్వాజా సమీపమున 40 ఏండ్లు కాపురముండి, అక్కడనే కాలధర్మము నొందినవాని సొమ్ము బ్యాంకిలో నిలిచియుండగా, ఊరనున్న తమ్ముని బిడ్డలకు ఆ సంగతియే తెలియకపోవుట కలదు. అట్టి తరుణమున మధ్యవర్తి యొకడు వచ్చి, “మీకు రావలసిన ఆస్తి కలదు, సగము నాకిచ్చెదమని వ్రాసియిచ్చినచో జాడ చెప్పెదను” అనును. సభ్యులు వ్రేలిముద్ర వేయకమునుపు కొంత విచారింపవలెను.

ఇట్టివారు ప్రతిఫలమును మూడు విధముల నడుగుదురు: ముందుగా నిర్ణయించిన ఒకే మొత్తము, తిరిగిన దినములకును నకళ్లకును లెక్కకట్టిన కూలి, లేక దొరికిన సొమ్ములో భాగము. భాగపు పద్ధతి పేదవానికి మేలని తోచును. ఏమియు దొరకనిచో ఈయనక్కర లేదు గదా! కాని 2,00,000 రూపాయలలో మూడవవంతు 66,666 రూపాయలు. చేసిన పని రెండు బ్యాంకులలో విచారించుటయే యైనచో అది కూలి యనిపించుకొనదు. దూరదేశములందు చెదరిన కుటుంబమును వెదకవలసినచో భాగమిచ్చుట న్యాయమే కావచ్చును. అప్పుడైనను గరిష్ఠ మొత్తమును, ఖర్చు లెవరివో కాగితముపై వ్రాయించుకొనవలెను. ఒక వారసుడు చేసిన సంతకము తక్కినవారి వాటాలను బంధింపదు.

న్యాయవాది మాత్రము ఫలితములో భాగమడుగరాదు; బార్ కౌన్సిల్ నియమములు దానిని నిషేధించినవి. మోటారు ప్రమాదపు పరిహారములో శాతము చొప్పున అడిగిన ఫీజు చెల్లదని 2017లో తెలంగాణకు చెందిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇతరులు చేసికొను భాగపు టొడంబడికలు అంతమాత్రమున చెల్లనివి కావనియు, అన్యాయముగ నున్నచో చెల్లవనియు ప్రీవీ కౌన్సిలు 1876లోనే నిర్ణయించినది.

అసలు మొదటి వెదకులాట ఉచితము. 10 ఏండ్లు ఎవరును అడుగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరును. ఐనను వారసుల హక్కు పోదు, పాత బ్యాంకులోనే అడుగవలెను. 2023లో వెలువడిన ‘ఉద్గమ్’ అను అంతర్జాల ద్వారమున పేరుతో వెదకవచ్చును. ఉర్దూ, తెలుగు ఉచ్చారణలను బట్టి ఇంగ్లీషు అక్షరములు మారును గనుక పేరును పలు విధముల వ్రాసి చూడుడు. మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు బ్యాంకులు కావు. వాని పుస్తకములను వేరుగ విచారింపవలెను.

నామినీ లేక, మొత్తము పెద్దదైనచో బ్యాంకు వారసత్వ ధ్రువపత్ర మడుగవచ్చును. మృతుడు దబీర్‌పురావాసియైనచో అర్జీ హైదరాబాదు సిటీ సివిల్ కోర్టున వేయవలెను. కోర్టు రుసుము వేరు. వెదకువాని ప్రతిఫలమందు అది చేరినదో లేదో ముందే తేల్చుకొనుడు.

వ్యాజ్యము లెంత సాగునో నిజాము సొమ్మే సాక్షి. 1948లో లండను బ్యాంకులో చేరిన 10,07,940 పౌనులు సుమారు 3.5 కోట్ల పౌనులై, 2019లో గాని తీర్పునకు రాలేదు. దానిని మోయగలవారు రాజులు, రైతు మోయలేడు.

వారసులలో ఒకడు జాడలేనిచో అతని వాటాను తక్కినవారు పంచుకొనరాదు. సహజముగ వినవలసినవారు 7 ఏండ్లు అతని వార్త వినకున్నచో, బ్రతికియున్నాడని వాదించువారే దానిని రుజువు చేయవలెను. అందుచేత ఎవరి నెప్పుడు విచారించినదియు తేదీలతో వ్రాసి యుంచుడు. తపాలా రసీదులను పారవేయకుడు.