కారుకి ఎపాక్సీ ప్రైమర్: డబ్బా కొనే ముందు ఏం చూడాలి?

సొంతంగా కారుకి పెయింట్ వేసుకుందాం అనుకునేవాళ్లకి ముందుగా వచ్చే డౌట్ ఒకటే. ఎపాక్సీ ప్రైమర్ ఏది కొనాలి? ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

మన బేగంపేటలో వానల సంగతి తెలిసిందే కదా. 2000 ఆగస్టులో ఒక్క రోజులోనే దాదాపు 24 సెంటీమీటర్ల వర్షం పడింది. సెల్లార్‌లో నీళ్లు చేరితే కారుకి డోర్ల అడుగున, ఫ్లోర్ కింద తుప్పు మొదలవుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా, లోపల రేకుకి తేమ తగిలితే పొక్కులు లేస్తాయి. ఆ తేమని రేకు దాకా రానివ్వకుండా ఆపడమే ఎపాక్సీ పని. ఫ్యాక్టరీలో కొత్త బాడీని తొట్టిలో ముంచి వేసే ప్రైమర్ కూడా ఎక్కువగా ఎపాక్సీ రకమే. కాబట్టి కంపెనీ ప్రైమర్ గట్టిగా ఉన్నచోట దాన్ని గీకేయకండి. తుప్పు ఉన్నచోట మాత్రమే రేకు దాకా వెళ్లండి.

ఇక కొనడం. మొదట చూడాల్సింది, హార్డెనర్ విడిగా ఇస్తున్నారా లేదా అని. అసలైన ఎపాక్సీ రెండు భాగాలుగా వస్తుంది. రెండూ కలిపాకే గట్టిపడుతుంది. ఒకే స్ప్రే డబ్బా మీద "ఎపాక్సీ" అని రాసి ఉంటే చాలాసార్లు అది వేరే రకం, గాలికి ఆరేది. డౌట్ ఉంటే పాత రేకు ముక్క మీద వేసి, వారం ఆగి, థిన్నర్ గుడ్డతో రుద్దండి. మెత్తబడి గుడ్డకి అంటుకుంటే అది మనకి కావాల్సింది కాదు.

రెండోది, లోపల ఏముంది? బేగంపేట ఎయిర్‌పోర్ట్ ఇక్కడే ఉంది కాబట్టి, "విమానాలకి వేసే పసుపు పచ్చ ప్రైమర్ దొరికితే సూపర్ కదా" అనిపించొచ్చు. వద్దు ఫ్రెండ్స్. అలాంటి వాటిలో చాలావరకు క్రోమేట్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. కారుకి జింక్ ఫాస్ఫేట్ ఉన్నది తీసుకోండి, చాలు.

మూడోది, కింద ఏం వేశారు? తుప్పుకి యాసిడ్ మందు రాసినా, యాసిడ్ ఉండే వాష్ ప్రైమర్ కొట్టినా, దాని మీద నేరుగా ఎపాక్సీ వేయొద్దని చాలా కంపెనీలు చెప్తాయి. యాసిడ్ మిగిలితే హార్డెనర్ పని పాడవుతుంది, పొర సరిగ్గా పట్టదు.

నాలుగోది, టైమ్. కలిపాక ఎంతసేపట్లో వాడాలి, రెండో కోటు ఎప్పటిలోగా వేయాలి అన్నది ఆ కంపెనీ టెక్నికల్ డేటా షీట్‌లో ఉంటుంది. కొనే ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి చదవండి. షీట్ దొరకని డబ్బా కొనొద్దు. మన మే నెల 40 డిగ్రీల ఎండలో, షీట్‌లో రాసిన టైమ్ కంటే చాలా ముందే డబ్బాలో గట్టిపడిపోతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోండి. వాన పడేటప్పుడు, రేకు మీద చెమ్మ ఉన్నప్పుడు అసలు వేయొద్దు. ఇచ్చిన గడువు దాటితే తర్వాతి కోటుకి ముందు ఎమ్రీ పేపర్‌తో గరుకు చేయాల్సిందే.

ఇంకో మాట. ఎపాక్సీ గుంటలు పూడ్చేది కాదు. దానికి పుట్టీ, సర్ఫేసర్ ఉన్నాయి. ఎపాక్సీని అలాగే ఎండలో వదిలేయకూడదు కూడా, సుద్దలా పొడి రాలుతుంది. పైన రంగు పడాల్సిందే.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైనది. సెల్లార్‌లో స్ప్రే కొట్టొద్దు! థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, కింద పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. గుడ్డ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్, చేతులకి నైట్రైల్ గ్లౌజులు కావాలి. హార్డెనర్ చర్మానికి తగిలితే అలర్జీ రావొచ్చు, ఒకసారి వస్తే మళ్లీ తగిలిన ప్రతిసారీ ఇబ్బందే. అపార్ట్‌మెంట్‌లో ఉండి ఖాళీ స్థలం లేకపోతే, చిన్న తుప్పు మచ్చలకి బయట గాలిలో బ్రష్‌తో వేసుకోండి. షీట్‌లో బ్రష్ అని ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది. పెద్ద పని అయితే బూత్ ఉన్న షెడ్‌కి ఇవ్వండి.

బ్రాండ్ పేరు తర్వాత ఫ్రెండ్స్. హార్డెనర్, జింక్ ఫాస్ఫేట్, షీట్, ఈ మూడూ ఉన్న డబ్బానే మీది. వచ్చే ఎపిసోడ్‌లో సర్ఫేసర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి!